కారు ఒరగకుండా ఆపే కడ్డీ: లావైతే మేలేనా?

మా అక్క కొడుకు అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట ఒక పాత మాజ్డా మియాటా కారు కొన్నాడు. ఇద్దరు మాత్రమే కూర్చునే, పైకప్పు తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు అది. మొన్నామధ్య వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నల్లరంగు పూసిన ఉక్కు కడ్డీ, రెండు కొసలూ ఒకే వైపుకు వంచి ఉన్నాయి. దాని పక్కన రెండు బుష్‌లు, నాలుగైదు బోల్టులు, ఒక చిన్న గ్రీజు పొట్లం. కింద ఒక ప్రశ్న: “మామయ్యా, వెనక చక్రాలకి ఈ లావుపాటి స్వే బార్ బిగిస్తే మలుపుల్లో కారు ఒరగదట. బరువు కూడా నాలుగు చక్రాల మీదా సమానంగా పడుతుందట. నిజమేనా?”

మొదటి మాట నిజం. రెండోది కాదు. వానలో తడిసిన మలుపు మీద కారు చెప్పిన మాట వింటుందా, లేక తోక తిప్పేసి గిర్రున తిరుగుతుందా అన్నది చాలావరకు ఈ రెండో మాటను సరిగా అర్థం చేసుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే “ఒరేయ్, ఇంకా బిగించకు, రాత్రికి ఫోన్ చేస్తాను” అని జవాబిచ్చాను. ఆ రాత్రి వాడికి చెప్పినవే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక కడ్డీ, రెండు చక్రాలు

ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణించిన వారెవరికైనా మొదటి భాగం చెప్పనక్కర్లేదు. బస్సు కుడివైపు తిరిగితే మనం ఎడమవైపుకు తూలుతాం. మన ఒంటికున్న జడత్వం మనల్ని నేరుగానే తీసుకుపోవాలని చూస్తుంది. కాళ్ల కింద ఉన్న బస్సు మాత్రం పక్కకు వెళ్తుంది. బస్సు పైభాగానిదీ అదే పరిస్థితి. రోడ్డును పట్టుకున్న టైర్లు కిందనుంచి ఒక వైపుకు లాగుతుంటే, పైన స్ప్రింగుల మీద కూర్చున్న బరువంతా మలుపు బయటి వైపుకు ఒరుగుతుంది. బయటి స్ప్రింగులు నొక్కుకుంటాయి, లోపలివి సాగుతాయి.

ఈ ఒరుగును తగ్గించాలంటే స్ప్రింగులను గట్టివి చేయవచ్చు. కానీ అప్పుడు ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు అడ్డుపడకుండా, ఒకటి లేచి మరొకటి దిగినప్పుడు మాత్రమే అడ్డుపడే స్ప్రింగు ఒకటి ఉంటే బాగుంటుంది కదా. ఆ పని చేసేదే ఈ కడ్డీ. స్వే బార్, యాంటీ రోల్ బార్, స్టెబిలైజర్ బార్ అని దీనికి రకరకాల పేర్లు. మన మెకానిక్ షెడ్లలో స్టెబిలైజర్ రాడ్ అంటే వెంటనే తెలుస్తుంది.

కడ్డీ మధ్యభాగం కారు వెడల్పునా అడ్డంగా ఉంటుంది. రెండు రబ్బరు బుష్‌ల మధ్య ఇరికించి, ఛాసిస్‌కు బిగిస్తారు. వంచిన రెండు కొసలు చేతుల్లా ముందుకో వెనక్కో చాచుకుని, చిన్న లింకుల ద్వారా ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌కు తగులుకుని ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేచాయనుకోండి, రెండు చేతులూ కలిసి లేస్తాయి. కడ్డీ బుష్‌లలో దొర్లుతుంది, అంతే. మలుపులో ఒక చెయ్యి లేచి మరొకటి దిగితే మాత్రం మధ్యభాగం తడిబట్టను పిండినట్టు మెలి తిరగాల్సి వస్తుంది. ఉక్కు అంత తేలిగ్గా మెలి తిరగదు. ఆ మొరాయింపే ఒరుగును ఆపుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కెనడాలోని ఫ్రెడరిక్టన్‌కు చెందిన స్టీఫెన్ కోల్మన్ 1919లోనే దీనికి పేటెంటు పొందారు. అయితే అప్పటి కార్లలో రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇరుసు ఉండేది కాబట్టి దీని అవసరం అంతగా కనబడలేదు. 1930లలో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే సస్పెన్షన్లు వచ్చాక ప్రయాణం మెత్తబడింది, దానితో పాటు ఒరుగూ పెరిగింది. అప్పటినుంచి ఈ కడ్డీ కారు కింద స్థిరపడిపోయింది.

నాలుగో ఘాతం

మా వాడి కారుకు వెనక ఉన్న పాత కడ్డీ వ్యాసం 12 మిల్లీమీటర్లు, కొన్నది 16. “నాలుగు మిల్లీమీటర్లే కదా మామయ్యా” అన్నాడు. ఈ ‘నాలుగే కదా’ దగ్గరే చాలామంది పొరబడతారు.

ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ పేరు మనకు విద్యుదావేశాల నియమంతో పరిచయం. ఆ నియమాన్ని కొలవడానికి ఆయన వాడిన విమోటన త్రాసులో ప్రాణమంతా మెలి తిరిగే ఒక సన్నని తీగలోనే ఉంది. అంతకు ముందే, 1784లో, లోహపు తీగలు మెలికకు ఎంత ఎదురు నిలుస్తాయో ఆయన ప్రయోగాలతో తేల్చారు. తీగ పొడవు రెట్టింపైతే గట్టిదనం సగమవుతుంది. కానీ వ్యాసం రెట్టింపైతే గట్టిదనం రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. అంటే గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది.

ఎందుకంటే, మెలి తిరిగేటప్పుడు కడ్డీ మధ్యలోని ఉక్కు దాదాపు కదలనే కదలదు. కేంద్రం నుంచి దూరం వెళ్లే కొద్దీ పదార్థం ఎక్కువగా సాగాల్సి వస్తుంది, అది ఒకటి. అంత దూరంలో ఉన్న బలానికి లీవరు పొడవు కూడా ఎక్కువ, ఇది రెండు. ఇక బయటి వలయంలో ఉన్న ఉక్కు పరిమాణమే ఎక్కువ. ఈ మూడూ ఒకదానితో ఒకటి హెచ్చవేసుకుంటాయి.

12 నుంచి 16కు వెళ్తే వ్యాసం పెరిగింది మూడో వంతే. గట్టిదనం మాత్రం 3.16 రెట్లు. స్ప్రింగులు కూడా ఒరుగును అడ్డుకుంటాయి కాబట్టి కారు వెనకభాగం మొత్తంగా మూడింతలు గట్టిపడదు. అయినా అది చిన్న మార్పు కాదు. ముందు కడ్డీని 19 నుంచి 22 మి.మీ.కి మార్చినా గట్టిదనం దాదాపు 80 శాతం పెరుగుతుంది.

ఇదే లెక్కలో ఒక లాభం కూడా ఉంది. మధ్యలోని ఉక్కు పెద్దగా పని చేయదు కాబట్టి దాన్ని తీసేయవచ్చు. 25 మి.మీ. బయటి వ్యాసం, 18 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టం, అదే 25 మి.మీ. గట్టి కడ్డీతో పోలిస్తే సగం కంటే తక్కువ బరువు తూగుతుంది. గట్టిదనం మాత్రం 73 శాతం నిలుపుకుంటుంది. స్పోర్ట్స్ కార్ల కోసం బయట అమ్మే లావుపాటి కడ్డీలు చాలావరకు బోలుగా ఉండేది ఇందుకే. మరో అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవాలి. ‘ప్రత్యేకమైన ఉక్కు’ అని ప్రకటించినంత మాత్రాన కడ్డీ గట్టిదనం పెరగదు. ఉక్కు ఏ రకమైనా దాని దృఢతా గుణకం దాదాపు ఒకటే, సుమారు 80 గిగాపాస్కళ్లు. మంచి స్ప్రింగు ఉక్కు విరగకుండా, వంకర నిలిచిపోకుండా ఎక్కువ మెలికను తట్టుకుంటుంది. అది బలం, గట్టిదనం వేరు.

బరువు ఎక్కడికీ పోదు

ఇప్పుడు ఆ రెండో మాట, నాలుగు చక్రాల మీదా బరువు సమానం కావడం సంగతి చూద్దాం. ఇది నేను మెకానిక్‌ల నోటా విన్నాను, కడ్డీలు అమ్మేవాళ్ల నోటా విన్నాను. వినడానికి సబబుగానే ఉంటుంది. కారు ఒరిగింది కాబట్టి బరువు బయటి చక్రాల మీద పడింది. ఒరగకుండా ఆపితే బరువు పడదు కదా!

కాదు. డ్రైవరుతో కలిపి 1040 కిలోలున్న ఒక స్పోర్ట్స్ కారును ఊహించుకుందాం. లెక్క సులువు కోసం ఒక్కో చక్రం మీదా 260 కిలోలు. గురుత్వ కేంద్రం నేలకు 46 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఎడమ, కుడి టైర్ల మధ్య దూరం 142 సెంటీమీటర్లు. 35 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే పక్కకు కలిగే త్వరణం గురుత్వ త్వరణంలో దాదాపు 80 శాతం. లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకు జరిగే బరువును లెక్కగట్టాలంటే, 1040ని 0.8తో హెచ్చించి, ఎత్తు 46తో హెచ్చించి, వెడల్పు 142తో భాగించాలి. జవాబు సుమారు 270 కిలోలు.

ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడుంది? కడ్డీ ఎక్కడుంది? లేవు. బరువు, ఎత్తు, వెడల్పు, త్వరణం, అంతే. సస్పెన్షనే లేని, బండరాయిలా బిగుసుకుపోయిన కారులోనూ ఆ 270 కిలోలు జరిగి తీరతాయి. ఒరిగినప్పుడు గురుత్వ కేంద్రం కాస్త పక్కకు జరుగుతుంది కాబట్టి ఒరుగు తగ్గితే కొన్ని కిలోల తేడా వస్తుంది. దానికి మించి ఆశించడానికేమీ లేదు.

మరి కడ్డీ చేసేదేమిటి? ఆ 270 కిలోలను ముందు చక్రాల జంట ఎంత భరించాలి, వెనక జంట ఎంత భరించాలి అన్నది అది నిర్ణయిస్తుంది. బరువైన బీరువాను ఇద్దరు మోస్తున్నప్పుడు ఎవరి చేతులు బిగుసుకుని ఉంటే వారి మీదే ఎక్కువ భారం పడుతుంది. కారులోనూ అంతే. ఏ జంట దగ్గర ఒరుగును అడ్డుకునే గట్టిదనం ఎక్కువగా ఉంటే ఆ జంటలోనే లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి ఎక్కువ బరువు జరుగుతుంది. కడ్డీ బరువును తగ్గించదు, పంచుతుంది.

టైరు పెట్టే మెలిక

పంచితే నష్టమేమిటి అనుకోవచ్చు. లోపలి టైరు పోగొట్టుకున్న పట్టును బయటి టైరు సంపాదించుకుంటుంది కదా! బడిలో నేర్చుకున్న ఘర్షణ నియమం ప్రకారం అయితే నిజంగా అంతే. ఘర్షణ బలం మీద పడే బరువుకు అనులోమానుపాతంలో ఉంటుంది. కానీ రబ్బరు ఆ నియమాన్ని పూర్తిగా పాటించదు. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది కానీ అదే నిష్పత్తిలో పెరగదు. 260 కిలోల దగ్గర ప్రతి కిలోకూ ఇచ్చినంత పట్టును 440 కిలోల దగ్గర ఇవ్వలేదు.

అంకెల్లో పెడితే స్పష్టంగా తెలుస్తుంది. కింది అంకెలు ఏదో ఒక టైరుకు కొలిచినవి కావు, ధోరణిని చూపడానికి వేసుకున్నవి. 260 కిలోల బరువున్నప్పుడు టైరు 260 కిలోల పక్కబలాన్ని ఇస్తుందనుకుందాం. ఆపైన ప్రతి 100 కిలోలకూ ఘర్షణ గుణకం 0.04 చొప్పున తగ్గుతుందని, బరువు తగ్గితే అంతే మేర పెరుగుతుందని అనుకుందాం. నేరుగా వెళ్తున్నప్పుడు ముందు జంట బలం 520, వెనక జంట బలం 520.

మలుపులో 270 కిలోలూ ముందు వెనకలు చెరిసగం పంచుకుంటే ఒక్కో జంట పట్టు సుమారు 505కు దిగుతుంది. ఇప్పుడు వెనక మాత్రమే లావు కడ్డీ బిగించి, ముందు 90, వెనక 180 కిలోలు జరిగేలా చేశామనుకోండి. ముందు జంట 513 దగ్గర నిలుస్తుంది. వెనక జంట 494కు పడిపోతుంది. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. అయితే హద్దు దగ్గర నడుస్తున్న కారుకు ఆ మాత్రం చాలు. ముందుగా జారేది వెనక చక్రాలే.

ముందు చక్రాలు ముందుగా జారితే కారు స్టీరింగ్ తిప్పినంత తిరగదు, మలుపు బయటికి వెళ్తుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. కాలు యాక్సిలరేటర్ మీంచి తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. భయపడ్డ మనిషి సహజంగా చేసే పని కూడా అదే. వెనక చక్రాలు ముందుగా జారితే, అంటే ఓవర్‌స్టీర్ అయితే, తోక బయటికి విసురుతుంది. అప్పుడు కాలు తీస్తే బరువు ఇంకా ముందుకు జరిగి, వెనక పట్టు మరింత తగ్గుతుంది. భయంతో చేసే పనే ప్రమాదాన్ని పెంచుతుంది. మామూలు కార్లను తయారీదారులు కావాలనే కొంచెం అండర్‌స్టీర్ వైపు మొగ్గేలా తయారుచేస్తారు. చప్పగా ఉందని రేసు ప్రియులు సణిగేది దాన్నే.

మియాటా లాంటి వెనక చక్రాలు నడిపే కారుకు ఇంకో చిక్కు ఉంది. వెనక కడ్డీ లావైతే లోపలి వెనక చక్రం తేలికైపోతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో ఇంజిన్ బలమంతా ఆ తేలికైన చక్రాన్ని గిరగిరా తిప్పడానికే పోతుంది. ఈ కారును రేసు ట్రాకుల్లో నడిపేవారిలో చాలామంది ముందు కడ్డీని మాత్రం లావుచేసి, వెనక కడ్డీని ఫ్యాక్టరీది అలాగే ఉంచడానికి ఇదొక కారణం.

ఇంత చెప్పాక ఒక సవరణ కూడా చెప్పాలి. ఒరుగు తగ్గడం వల్ల అసలు ప్రయోజనమే లేదని కాదు. కారు ఒరిగితే టైరు కూడా వాలుతుంది. రోడ్డును తాకే భాగం ఒక అంచుకు జరుగుతుంది. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉన్న కార్లలో ఈ నష్టం ఎక్కువ. అలాంటి వాటిలో ముందు కడ్డీని గట్టిచేస్తే పుస్తకం చెప్పినట్టు అండర్‌స్టీర్ పెరగకుండా, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. మియాటాకు నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంది, టైరును నిటారుగా ఉంచే పని అది బాగానే చేస్తుంది. పైగా స్టీరింగ్ తిప్పిన వెంటనే కారు స్పందించడం కడ్డీ ఇచ్చే నిజమైన ఆనందం. మా వాడు డబ్బు పెట్టింది దానికోసమే, అందులో తప్పు లేదు.

కార్వేర్‌కు లేని కడ్డీ

“ఒక్క కడ్డీ అంత పని చేస్తుందా?” అని వాడికి ఇంకా అనుమానం. వాడుంటున్న దేశం చరిత్రలోనే జవాబు ఉంది.

అమెరికాలో షెవ్రొలే సంస్థ 1960 మోడల్‌గా కార్వేర్ అనే కారును తెచ్చింది. ఇంజిన్ వెనక. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే. పైగా ఆ వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ పద్ధతిలో, డిఫరెన్షియల్ దగ్గర మడిచే కీలుతో వేలాడేవి. గట్టి మలుపులో కారు తోక పైకి లేస్తే చక్రాలు కిందికి ముడుచుకుని పట్టు ఒక్కసారిగా వదిలేసే అవకాశం ఉండేది. ఇలాంటి కారుకు ముందు కడ్డీ ఉంటే బరువు జరగడంలో పెద్ద వాటాను ముందు చక్రాలు తీసుకుని వెనక చక్రాలను కాపాడతాయి. కానీ మొదటి నాలుగేళ్ల మోడళ్లలో ఆ కడ్డీని అన్ని కార్లకూ ఇవ్వలేదు. బదులుగా ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పీఎస్ఐ గాలి ఉంచమన్నారు. ముందు టైర్లు మెత్తగా ఉంటే వాటి పట్టు తగ్గి, కారు అండర్‌స్టీర్ వైపు ఉంటుందన్నది ఆలోచన.

సిద్ధాంతం బాగానే ఉంది. కానీ గాలి కొట్టించుకునే మనిషికి ఆ సిద్ధాంతం తెలియదు. నాలుగు టైర్లలోనూ సమానంగా కొట్టించుకుంటే ఇంజనీర్లు అమర్చిన తూకం అక్కడితో చెదిరిపోతుంది. విడిగా కడ్డీలు, వెనక చక్రాలు ముడుచుకోకుండా ఆపే పరికరాలు బయట కొని బిగించుకున్నవారు అప్పట్లోనే ఉన్నారు. 1964 మోడల్ నుంచి షెవ్రొలే ముందు కడ్డీని అన్ని కార్వేర్‌లకూ ఇచ్చింది. 1965లో వచ్చిన రాల్ఫ్ నాడర్ పుస్తకం ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’లో మొదటి అధ్యాయం ఈ కారు మీదే. అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. 1972లో వెలువడిన అమెరికా ప్రభుత్వ నివేదిక, ఆ తొలి కార్వేర్‌లు అదే కాలపు ఇతర కార్లకంటే అసాధారణంగా ప్రమాదకరమైనవేమీ కావని తేల్చింది. వాదన ఎటు మొగ్గినా, ఆ కారు కింద ఉన్న కడ్డీ, ఆ టైర్లలో ఉన్న గాలి రెండూ ఒకే త్రాసులోని తూకపురాళ్లు అన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నదే. మన టైర్లలో గాలి సరిచూసుకునేటప్పుడు కూడా ఇది గుర్తుకు రావాలి.

నేటి కార్లలో ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ ఉంటుంది. కారు తోక జారుతున్నదని పసిగట్టి ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసి దారిలో పెడుతుంది. మా వాడి 1990ల నాటి మియాటాలో అది లేదు. తప్పు చేస్తే సరిదిద్దేవారెవరూ లేరన్నమాట.

బిగించడంలో మెళకువలు

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వెనక కడ్డీని తిరిగి పంపేసి, ముందుది ఒక బోలు కడ్డీ తెప్పించుకున్నాడు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో నన్ను టైరు పక్కన నిలబెట్టి పని మొదలుపెట్టాడు.

పని పెద్ద కష్టమైనది కాదు, కానీ కొన్ని సంగతులు భౌతికశాస్త్రాన్ని తెలుసుకుని చేస్తేనే సాగుతాయి. మొదటిది, ఒక్క చక్రాన్నే జాకీతో ఎత్తితే కడ్డీ మెలి తిరిగి ఉంటుంది. అప్పుడు లింకు బోల్టు రాదు. బలవంతంగా తీస్తే చేతి మీదికి విసురుతుంది. ముందు రెండు చక్రాలనూ సమానంగా ఎత్తాలి. ఎత్తాక బరువును స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, ఈ విషయంలో నేను మొహమాటపడను. ఇక్కడ మా వాడు మొదట మెత్తటి తారు నేల మీద స్టాండ్లు పెట్టాడు. ఎండకు అవి దిగబడతాయని చెప్పి, కింద చెక్క పలకలు వేయించాను.

ఛాసిస్‌కు బిగించే పట్టీలు రెండోది. కడ్డీ ఎంత గట్టిదైతే అది పట్టుకుని ఉన్న చోటు మీద అంత బలం పడుతుంది. ఫ్యాక్టరీ పట్టీలను పాత కడ్డీ బలానికి తగినట్టు తయారుచేశారు. పాత మియాటాలలో మరీ లావు కడ్డీలు వేసినప్పుడు ఆ బిగింపు చోట్లు వంగడం, చిట్లడం తెలిసిన సమస్యే. అందుకే వాటికి అదనపు బలాన్నిచ్చే రేకు పట్టీలు విడిగా దొరుకుతాయి.

ఇక చేతుల చివర్లలో ఉండే రంధ్రాలు. బయట కొన్న కడ్డీలకు సాధారణంగా రెండో మూడో ఉంటాయి. లింకును లోపలి రంధ్రానికి తగిలిస్తే చెయ్యి పొడవు తగ్గి కడ్డీ గట్టిపడుతుంది. ఎంత? పొడవు వర్గానికి విలోమంగా. 250 మి.మీ. చేతిని 230కి తగ్గిస్తే గట్టిదనం 18 శాతం పెరుగుతుంది. బయటి రంధ్రంతో, అంటే అన్నింటికంటే మెత్తని అమరికతో మొదలుపెట్టమన్నాను. నచ్చకపోతే ఒక్కో మెట్టూ ఎక్కవచ్చు.

చాలామంది వదిలేసేది లింకుల పొడవు సరిచూడటం. రెండు లింకులూ సమానంగా లేకపోతే కారు నేరుగా నిలబడి ఉన్నప్పుడే కడ్డీలో కొంత మెలిక ఉండిపోతుంది. అప్పుడు కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో మరోలా నడుస్తుంది. కాబట్టి ఆఖరి బిగింపుకు ముందు కారును కిందికి దింపి, చదునైన చోట, సీట్లో డ్రైవరంత బరువు ఉంచి, చివరి లింకు ఏ బలవంతమూ లేకుండా దానంతట అది రంధ్రంలోకి వెళ్లేలా పొడవు సర్దాలి. మా వాడు సీట్లో రెండు బియ్యం బస్తాలు పెట్టాడు. ఆ తర్వాత టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ప్రకారం బోల్టులు బిగించాడు.

మన రోడ్ల మీద సంగతి

ఇదంతా చదివి మన ఊళ్లో కారుకు లావు కడ్డీ వేయిద్దామనుకునేవారికి రెండు మాటలు. కారును తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. కాబట్టి ముందు అది చూసుకోవాలి. రెండోది మన గుంతలు. ఎడమ చక్రం గుంతలో పడితే లావు కడ్డీ ఆ కుదుపులో కొంత వాటాను కుడి చక్రానికి కూడా అందిస్తుంది. రెండు చక్రాలూ విడివిడిగా ఆడటం కోసం కనిపెట్టిన సస్పెన్షన్‌ను మళ్లీ కట్టిపడేసినట్టే. కొండలు గుట్టలు ఎక్కే జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు కడ్డీని మీట నొక్కి విడదీసే ఏర్పాటు ఉండేది ఇందుకే. తడి ట్రాకు మీద రేసు జట్లు కడ్డీలను మెత్తబరచడం కూడా మామూలే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. స్విఫ్ట్ లాంటి మన చిన్న కార్లలో వెనక చక్రాలను కలిపే అడ్డదూలం ఒకటి ఉంటుంది. దాని పేరే టార్షన్ బీమ్. కారు ఒరిగినప్పుడు ఆ దూలమే మెలి తిరుగుతూ స్టెబిలైజర్ పనిని కూడా చేస్తుంది. వెనక విడిగా కడ్డీ లేదు కదా, చవకగా చేశారు అనుకోవడం సరికాదు. కూలుంబ్ తీగ అక్కడ దూలం రూపంలో ఉంది.

మా వాడు వారం తర్వాత ఫోన్ చేశాడు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టి తిప్పి చూశాడట. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతోందని, ఒరుగు బాగా తగ్గిందని, హద్దు దాటితే ముందు చక్రాలే జారుతున్నాయని చెప్పాడు. ఒక్కటే ఫిర్యాదు. మలుపుల్లో ఏ చప్పుడూ లేదు కానీ, ఇంటి దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ ముందు నుంచి కిర్రుమంటోందట. మెలిక లేని చోట చప్పుడెందుకు మామయ్యా అన్నాడు.

రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు కడ్డీ మెలి తిరగదు, బుష్‌లలో దొర్లుతుంది. కొత్త కడ్డీతో వచ్చిన బుష్‌లు పాలీయురెథేన్‌వి, పొడిగా ఉంటే అరుస్తాయి. “డబ్బాలో గ్రీజు పొట్లం వచ్చి ఉండాలే, అదేం చేశావు?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏదో సొరుగు తెరిచిన చప్పుడు వినిపించింది.